ప్యాకెట్‌పై ‘పర్యావరణ హితం’ అని అచ్చువేయించే ముందు

అడ్డాకులతో విస్తళ్లు కుట్టి అమ్మే చిన్న సంస్థయినా సరే, ప్యాకెట్‌పై ‘పర్యావరణ హితం’ అని వేసుకుంటే ఆ మాటకు ఆధారం చూపవలసిన బాధ్యత దానిదే. సీసీపీఏగా పిలిచే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 2024 అక్టోబరు 15న జారీ చేసిన మార్గదర్శకాల సారం ఇదే.

మొదట ఆ మాట దేనికి వర్తిస్తుందో తేల్చుకోండి. వస్తువు మొత్తానికా, అందులో ఒక భాగానికా, తయారీ విధానానికా, ప్యాకింగుకా, వాడిన తరువాత పారవేయడానికా అన్నది కొనేవారికి స్పష్టంగా తెలియాలి. పైన ఆకే ఉన్నా అడుగున ప్లాస్టిక్ పూత పూసిన కాగితం అతికించిన విస్తరిని ‘మట్టిలో కలిసిపోతుంది’ అని అమ్మడం మోసమే. అటువంటి పూత లేని విస్తళ్లను ప్లాస్టిక్ కవరులో పెట్టి అమ్ముతున్నప్పుడు ‘విస్తరి మట్టిలో కలుస్తుంది, కవరు కలవదు’ అని రాయడానికి మొహమాటపడనక్కరలేదు; నా దృష్టిలో కొనేవారి నమ్మకాన్ని నిలబెట్టేది అటువంటి వాక్యమే.

‘గ్రీన్’, ‘ఎకో ఫ్రెండ్లీ’, ‘కార్బన్ న్యూట్రల్’ (వెలువడిన కర్బన ఉద్గారాలకు సమానంగా తగ్గింపు చేశామనడం) వంటి మాటలను తగిన వివరణ, ఆధారం లేకుండా వాడకూడదు. ‘కంపోస్టబుల్’ (కుళ్లి ఎరువుగా మారేది), ‘రీసైక్లబుల్’, ‘నూరు శాతం సహజం’ వంటి నిర్దిష్టమైన మాటలకు నమ్మదగిన ధ్రువపత్రమో, శాస్త్రీయ ఆధారమో, స్వతంత్ర సంస్థ జరిపిన పరిశీలనో చేతిలో ఉండాలి. ఆ వివరాలను ప్రకటనలోనో, క్యూఆర్ కోడ్ ద్వారానో అందరికీ అందుబాటులో ఉంచాలి. కంపోస్టబుల్ ప్లాస్టిక్ సంచులకైతే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం లేనిదే అమ్మకానికే వీలు లేదు.

పోలికల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. రీసైకిల్ చేసిన ముడిసరుకును 2 శాతం నుంచి 3 శాతానికి పెంచి ‘50 శాతం ఎక్కువ’ అని వేస్తే లెక్క సరిగానే ఉంటుంది, కాని చదివినవారు సగం సరుకు రీసైకిల్ చేసినదేనని అనుకునే ప్రమాదం ఉంది; అందువల్ల రెండు అంకెలూ వేయండి. భవిష్యత్తులో సాధిస్తామనే లక్ష్యాలను, వాటికి ఆచరణకు పనికొచ్చే స్పష్టమైన ప్రణాళిక సిద్ధమయ్యాకే ప్రకటించండి.

తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించే అధికారం సీసీపీఏకు ఉంది. కొనేవారు ప్యాకెట్ రెండు వైపులా ఫొటో తీసి, బిల్లు దాచుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, లేదా జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు.