స్టాక్ ఎక్కించడానికి బార్‌కోడ్ స్కానర్

షాపులో స్టాక్ రాసేటప్పుడు ప్రతి ప్యాకెట్ మీదున్న 13 అంకెలూ చేత్తో కొట్టడం పెద్ద విసుగు. దీనికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొననక్కర్లేదు. మామూలు యూఎస్‌బీ బార్‌కోడ్ స్కానర్‌ని కంప్యూటర్ రెండో కీబోర్డ్‌గానే చూస్తుంది. డ్రైవర్ గొడవ ఉండదు, అసలు కీబోర్డ్ కూడా పక్కన పనిచేస్తూనే ఉంటుంది.

ముందు నోట్‌ప్యాడ్ తెరిచి ఏదైనా సబ్బు పెట్టెను స్కాన్ చేయండి. అంకెలు పడితే చాలు. తర్వాత ఎక్సెల్‌లో మొదటి కాలమ్ ఫార్మాట్‌ని 'టెక్స్ట్'కి మార్చండి. లేకపోతే సున్నాతో మొదలయ్యే కోడ్‌లలో ఆ సున్నా ఎగిరిపోతుంది.

అసలు సుఖం ఇక్కడుంది. చాలా స్కానర్లు కోడ్ చివర ఎంటర్ కొడతాయి. స్కానర్‌తో వచ్చిన చిన్న పుస్తకంలో 'ట్యాబ్' అని ఉన్న సెట్టింగ్ కోడ్‌ని ఒకసారి స్కాన్ చేస్తే, ఇకపై ఎంటర్ బదులు ట్యాబ్ కొడుతుంది. అప్పుడు కర్సర్ పక్క గడికి వెళ్తుంది. అక్కడ ఎన్ని ఉన్నాయో కొట్టి, మీరే ఎంటర్ నొక్కితే కింది వరుసలో మొదటి గడికి వచ్చేస్తుంది. మౌస్ ముట్టుకోనక్కర్లేదు. (పుస్తకం పారేసుంటే మోడల్ నంబర్‌తో వెతికితే చాలావాటికి పీడీఎఫ్ దొరుకుతుంది.)

ఒక్క జాగ్రత్త: కీబోర్డ్ భాష తెలుగులో ఉండగా స్కాన్ చేస్తే, ఇంగ్లిష్ అక్షరాలున్న కోడ్‌లు పిచ్చి తెలుగులో పడతాయి. స్కానింగ్ మొదలుపెట్టే ముందు ఇంగ్లిష్‌కి మార్చుకోండి.