వాడిన పూలు తుంచాక బంతి మళ్లీ పూసింది

మొదటి విడతలో విరగబూసిన నా బంతి, పెటూనియా మొక్కలు నెల తిరిగేసరికి పూయడం మానేశాయి. ఎరువు వేశాను, నీళ్లు పెంచాను. ఆకులు గుబురుగా వచ్చాయి గానీ మొగ్గ లేదు. చాలా టెన్షన్ పడ్డాను.

అసలు సంగతి వాడిన పూలలో ఉంది. పువ్వు ఎండి కొమ్మ మీదే ఉండిపోతే మొక్క తన బలమంతా గింజ కట్టడానికి పెడుతుంది, కొత్త మొగ్గలు తగ్గిపోతాయి.

పెటూనియాకు నేను ఎండిన రేకులు మాత్రమే లాగేసేవాణ్ణి. అదే నా తప్పు. రేకుల అడుగున పచ్చగా ఉబ్బే గింజకాయ అలాగే మిగిలిపోయేది. ఇప్పుడు కాడతో సహా గోటితో గిల్లేస్తున్నాను. బంతినైతే పువ్వు కింద మొదటి ఆకుల జత దాకా తుంచుతాను. పక్క కొమ్మలు అక్కడి నుంచే వస్తాయి. గులాబీకి గోరు చాలదు. పదునైన కత్తెరతో, ఐదు చిన్నాకులున్న రెమ్మకు కాస్త పైన కోయాలి.

రెండు మూడు రోజులకోసారి పది నిమిషాల పని, అంతే. మూడు వారాలకు బంతి నిండా మొగ్గలు. ఆ పొద్దున నాకెంత సంతోషమో!

సీజన్ చివర్లో మాత్రం నాలుగు మంచి పూలను విత్తనాల కోసం మొక్కకే వదిలేస్తాను.