వృద్ధ రోగుల్లో దౌర్బల్యాన్ని తొలిదశలోనే గుర్తించడం ఎలా

వయసు పైబడిన రోగి రక్తపోటు మాత్రల కోసం వచ్చినా, మోకాలి నొప్పితో వచ్చినా, తలుపు దగ్గర నుంచి కుర్చీ దాకా ఆయన నడిచే తీరును గమనించడంతోనే పరీక్ష మొదలుపెట్టాలి. వైద్యులు ఫ్రెయిల్టీ అని పిలిచే దౌర్బల్యం, ముసలితనం ఒకటే కావు. శరీరంలోని నిల్వశక్తి తరిగిపోయి, చిన్న ఇన్ఫెక్షన్ గానీ, కొత్తగా రాసిన ఒక్క మాత్ర గానీ మనిషిని మంచాన పడేయగల స్థితి అది.

"మీ పనులు మీరే చేసుకుంటున్నారా?" అని అడిగితే దాదాపు అందరూ అవుననే అంటారు, నా దృష్టిలో ఆ ప్రశ్న వల్ల ప్రయోజనం తక్కువ. "ఆరు నెలల కిందట చేసినట్టే చేస్తున్నారా, ఏదైనా మానేశారా, చేసే పద్ధతి మార్చుకున్నారా?" అని అడగండి. నిలబడి చేసే స్నానం కూర్చుని చేయడం, గోడ ఆసరాతో మెట్లెక్కడం, ఒంటరి ప్రయాణాలు మానుకోవడం వంటివి రోగి ఫిర్యాదుగా చెప్పడు, కానీ క్షీణత తొలి ఆనవాళ్లు అవే. సాధారణంగా డబ్బు లెక్కలు, మందులు వేళకు వేసుకోవడం, ప్రయాణం వంటి క్లిష్టమైన పనులు ముందుగా దెబ్బతింటాయి. స్నానం, దుస్తులు ధరించడం ఆ తరవాత కష్టమవుతాయి. స్వయంగా తినగలగడం చివరి దాకా నిలుస్తుంది. ఇంటివారినీ అడగండి, అయితే రోగి చెప్పడం పూర్తయ్యాకే.

తరవాత కొలవండి. నేలపై 4 మీటర్ల దూరం గుర్తుపెట్టి, మామూలు వేగంతో నడవమనండి; చేతికర్ర అలవాటుంటే దానితోనే నడవనివ్వండి. 5 సెకన్లకు మించి పడితే, అంటే వేగం సెకనుకు 0.8 మీటర్ల కంటే తక్కువైతే, లోతుగా పరిశీలించాలి. పరీక్ష అని తెలిస్తే కొందరు పట్టుదలగా వడివడిగా నడుస్తారు గనుక, లోపలికి వచ్చేటప్పుడు చూసిన నడకతో దీన్ని పోల్చుకోండి. పాత రికార్డులో బరువు చూడండి. దౌర్బల్యాన్ని గుర్తించడానికి అమెరికా వృద్ధాప్య వైద్య నిపుణురాలు లిండా ఫ్రీడ్ బృందం 2001లో ప్రతిపాదించిన ఐదు లక్షణాలు ఇవి: ఏడాదిలో ప్రయత్నించకుండానే 4.5 కిలోలు లేదా 5 శాతం బరువు తగ్గడం, అలసట, పిడికిలి పట్టు సడలడం, నడక మందగించడం, శారీరక శ్రమ తగ్గిపోవడం. వీటిలో మూడు గానీ, అంతకు మించి గానీ ఉంటే దౌర్బల్యం, ఒకటో రెండో ఉంటే దానికి ముందుదశ.

కొద్ది రోజుల్లోనే మనిషి కుప్పకూలితే దాన్ని వయసు ఖాతాలో వేయకూడదు. పెద్దవారిలో న్యుమోనియా జ్వరం లేకుండానే, కేవలం తికమకగానో, లేవలేకపోవడంగానో బయటపడవచ్చు. క్షీణత నెమ్మదిగా వస్తే రక్తహీనత, థైరాయిడ్, కుంగుబాటు, చూపు, వినికిడి, నిద్రమాత్రలు ఒక్కొక్కటిగా పరిశీలించండి. పడుకోబెట్టి ఒకసారి, నిలబడిన 3 నిమిషాల లోపు మరోసారి రక్తపోటు చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే మందులను సమీక్షించాలి.

కొలతలన్నీ తేదీతో సహా కేస్‌షీటులో రాసి, ఆరు నెలల తరవాత అదే 4 మీటర్ల దారిలో మళ్లీ నడిపించండి.