ఇంటి మరమ్మతు స్వయంబోధిని – 4వ పాఠం: పూత పనికి ముందు గచ్చును, సామానును కాపాడుకోవడం

గత పాఠంలో గోడను వేలి కణుపులతో తట్టి చూసి, డొల్ల శబ్దం వచ్చిన మేరకు సుద్దముక్కతో గీత గీసి, ఎంత పాత సిమెంటు పూతను కొట్టివేయాలో గుర్తించడం నేర్చుకున్నాము. సుత్తి, ఉలి చేతికి తీసుకోవాలని మీకు తొందరగా ఉండవచ్చు గాని, అంతకు ముందు సగం రోజు పట్టే పని ఒకటి ఉంది. కొత్త ఇంట్లో పూత ముగిసిన తరువాతే గచ్చు వేస్తారు గనుక కింద ఏమి పడినా అడిగేవారు ఉండరు. కాపురం ఉన్న ఇంట్లో గోడకు పెట్టిన ఖర్చుకు రెట్టింపు గచ్చు మీద పోయే ప్రమాదం ఉంది.

ముందు పడేది ఎంతో లెక్క కట్టుకుందాము. 10 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న గోడకు 12 మి.మీ. మందాన పూత పూయాలంటే దాదాపు 4 ఘనపుటడుగుల తడి మాలు, అంటే సిమెంటు, ఇసుక, నీరు కలిపిన ముద్ద, కావాలి. దాని బరువు 200 కిలోలకు పైనే ఉంటుంది. పాత పూత కొట్టివేసినప్పుడు రాలే పెళ్ళలు కూడా ఇంచుమించు అంతే ఉంటాయి. చెయ్యి తిరిగిన మేస్త్రి దగ్గరే కొంత మాలు జారి పడుతుంది. మొదటిసారి తాపీ పట్టినవారికి గోడకు అంటినదానికంటే కింద పడినదే ఎక్కువనిపించినా సిగ్గుపడనక్కరలేదు.

పడే ముద్దలను చూసి అందరూ భయపడతారు గాని, నిజానికి గచ్చును పాడుచేసేది ముద్ద కాదు, ఇసుక రేణువు. ఇసుకలో ప్రధానంగా ఉండే క్వార్ట్జు అనే ఖనిజం కాఠిన్యం, రాళ్ళ గట్టితనాన్ని 1 నుండి 10 దాకా లెక్కించే మోస్ కొలమానంలో 7. పాలరాయి, కడప నాపరాయి 3 దగ్గర ఉంటాయి. అంటే చెప్పు కింద చిక్కిన ఒక్క రేణువు నాపరాయి మీద గీత గీయడానికి చాలు. గ్రానైటు కొంత తట్టుకుంటుంది గాని, చిత్తూరు, కుప్పం ప్రాంతాల నల్లరాయిలో క్వార్ట్జు పాలు తక్కువ గనుక దాని మెరుగుకు కూడా జాగ్రత్త కావాలి. పాత ఇళ్ళలోని రెడాక్సైడు ఎర్ర గచ్చు వీటన్నిటికంటే సున్నితం, ఎందుకంటే దాని రంగు పైపొరలోనే ఉంటుంది.

చిత్తూరు కొంగారెడ్డిపల్లెలోని మా పాత ఇంట్లో అటువంటి ఎర్ర గచ్చే ఉండేది. మా అవ్వ కొబ్బరినూనె గుడ్డతో రుద్ది రుద్ది దానిని అద్దంలా చేసింది. చెమ్మ పట్టిన ఒక గోడకు పూత వేయించే రోజున నేను దాని మీద ఫ్లెక్సీ పరిచి, పెద్ద పని చేసినట్లు నిశ్చింతగా ఉన్నాను. పరిచే ముందు ఊడ్చిన మాట నిజమే, తుడవలేదు. మేస్త్రి తన స్టూలును ఎత్తకుండా గోడ వెంబడి ఈడ్చుకుంటూ పోయాడు. సాయంత్రం ఫ్లెక్సీ ఎత్తి చూస్తే గచ్చు మీద ఒక్క మాలు చుక్క లేదు. స్టూలు కాళ్ళు తిరిగిన దారిలో నెలవంకల వంటి తెల్లని గీతలు మాత్రం వరుసగా ఉన్నాయి. ఫ్లెక్సీ పైన పడినది ఏమీ చేయలేదు, కింద మిగిలిన ఇసుకే గరుకు కాగితంలా పని చేసింది. ఈ పాఠం మొత్తానికి ఆ గీతలే మూలం.

కాబట్టి పరచడం చీపురుతో కాక తడిగుడ్డతో మొదలవుతుంది. ఊడ్చి, తడిగుడ్డతో రెండుసార్లు తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, అరచేతితో నిమిరి చూడండి; ఒక్క రేణువు తగిలినా మళ్ళీ తుడవండి. ఆరిన గచ్చు మీద మొదట మెత్తని గుడ్డ వేయాలి. పాత తెల్ల పంచెలు, దుప్పట్లు ఇందుకు బాగుంటాయి. రంగు చీరలు వద్దు. నీరు కారితే వాటి రంగు పాలరాతిలోకి దిగుతుంది. తడిసిన వార్తాపత్రిక సిరా, తడిసిన గోనె పట్టా పసుపు మరక కూడా అటువంటివే. గుడ్డ మీద నీరు దిగని పొర వేయాలి. పలుచని ప్లాస్టిక్ షీటు పెళ్ళ పడగానే చిరుగుతుంది గనుక టార్పాలినో, ఫ్లెక్సీయో మేలు. తిరుపతిలో ఫ్లెక్సీకి కొదవ ఏముంది, అచ్చు వేసే దుకాణంలో అడిగితే తప్పు పడినవి దొరుకుతాయి. అచ్చు ఉన్న వైపును పైకి వచ్చేలా వేసుకోండి. రెండు ముక్కలు కలిసే చోట ఒకదాని మీద మరొకటి జానెడు ఎక్కించి, వెడల్పు టేపుతో ఒకదానికొకటి అంటించాలి. ఫ్లెక్సీ తడిస్తే జారుతుంది. నిచ్చెన నిలిపే చోట, తట్ట మోసుకుని నడిచే దారిలో దాని మీద గోనె సంచులు పరవాలి. అక్కడ గోనె ఫ్లెక్సీ మీద ఉంటుంది గనుక రాతికి మరక భయం లేదు.

కొత్తగా పాలరాయి పరిచిన ఇంట్లో పని చాలా వారాలు సాగేటట్లయితే, ప్లాస్టిక్ షీటు మీద ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌ను పలుచగా పోసి గట్టిపడనిచ్చే పద్ధతి ఉంది. ఒక్క గోడ మరమ్మతుకు అంత అవసరం లేదు.

ఇక అంచు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. షీటును గోడ పాదం దాకా లాగి గోడకే అంటిస్తే, పూత దాని అంచు మీదుగా దిగి గట్టిపడుతుంది. తరువాత షీటు లాగినప్పుడు కింది అంచు పూత పెచ్చులుగా ఊడి వస్తుంది. అందుచేత షీటు అంచును గోడకు రెండు వేళ్ళ దూరంలోనే ఆపి, టేపుతో గచ్చుకు అంటించి, ఆ సందు మీద గోడ పొడవునా ఒక పలుచని చెక్కను పరవాలి. జారిన మాలు ఆ చెక్క మీద పడుతుంది. చెక్క శుభ్రంగా ఉంటే, అప్పుడే పడిన మాలును ఎత్తి మళ్ళీ వాడుకోవచ్చు. సిమెంటు గట్టిపడడం మొదలుకావడానికి కనీసం 30 నిమిషాలు పడుతుంది గాని, ఆ గడువు నీరు కలిపినప్పటి నుండి లెక్కకు వస్తుంది, కింద పడినప్పటి నుండి కాదు. గోడ పాదం దగ్గర చివరి జానెడు పూయబోయే ముందు చెక్కను వెనక్కి జరిపి, బయటపడిన సందును తడిగుడ్డతో వెంటవెంటనే తుడుచుకోవాలి. టేపు కూడా పాలిష్ ఉన్న గచ్చు మీద ఎక్కువ రోజులు ఉండరాదు, జిగురు దిగిపోతుంది. మాస్కింగ్ టేపు వాడి, పని ముగిసిన రోజే తీసివేయండి.

సామాను సంగతికి వస్తే, కదిలేదంతా గది బయటికి పోవడమే ఉత్తమం. అక్టోబరు నుండి డిసెంబరు దాకా మన వైపు ఈశాన్య రుతుపవనాల వానలు గనుక, ఆ నెలల్లో మంచాన్ని వరండాలో పెట్టి నిశ్చింతగా ఉండలేము. సంక్రాంతి దాటాక పని పెట్టుకుంటే ఈ బెడద ఉండదు, గోడ కూడా ఆరి ఉంటుంది. కదలని బీరువా, టేకు మంచం వంటివి గది నడుమకు చేర్చి, మొదట దుప్పటి కప్పి, దాని మీద ప్లాస్టిక్ వేయాలి. పాలిష్ మీద నేరుగా ప్లాస్టిక్ వేస్తే లోపల చిక్కిన తేమకు పాలిష్ తెల్లబారుతుంది. కాళ్ళకు ప్లాస్టిక్ కవర్లు తొడిగి కట్టడం మరువకండి. పూత పూసిన మరునాటి నుండి కనీసం 7 రోజులు గోడను తడుపుతూ ఉంటారు గదా, ఆ నీరు షీటు మీద నిలిచి కొయ్య కాళ్ళలోకి ఎక్కుతుంది. ఫ్రిజ్‌ను చుట్టేటట్లయితే ముందు స్విచ్ ఆపి ప్లగ్ తీయాలి. లోపలి వేడి బయటికి పోయే దారి మూసుకుంటే మోటారు దెబ్బతింటుంది.

ద్వారబంధాలను, కిటికీలను కూడా సామాను కిందనే లెక్కపెట్టండి. తడి సిమెంటుకు క్షారగుణం ఎక్కువ గనుక, అది తగిలిన టేకు నల్లబడుతుంది, అల్యూమినియం మీద ఎంత రుద్దినా పోని తెల్లమచ్చ మిగులుతుంది, అద్దం మీద ఆరనిస్తే అద్దమే మసకబారుతుంది. చర్మాన్నీ అది కాలుస్తుంది. చేతితొడుగులు లేకుండా మాలు ముట్టవద్దు.

ధూళి మరో దారిలో పోతుంది. పాత పూత కొట్టే ముందు గోడ మీద నీళ్ళు చల్లి, ముక్కుకు మాస్కు కట్టుకుని, ఫ్యాను ఆపి, గుమ్మానికి రెండు దుప్పట్లను ఒకదాని వెనుక ఒకటి వేలాడదీసి, వాటి కింది అంచుల మీద తడి గోనెను మడతపెట్టి ఉంచితే పక్క గదిలోని దేవుడి పటాల మీద సిమెంటు విభూతి పడకుండా ఉంటుంది. గుమ్మం బయట మరో తడి గోనె పరిచి, గదిలో వాడిన చెప్పులను అక్కడే విడవండి. ఇంటిల్లిపాదిలో ఒక్కరు ఈ నియమం తప్పినా ఇసుక వంటింటి దాకా నడుస్తుంది.

చివరగా ఒక మాట మీకు తప్పక వినపడుతుంది: "ఏమీ కాదు సామీ, ఆఖరున యాసిడ్ పోసి కడిగేస్తే పొయ్యేది గదా!" పోయే మాట నిజమే, దానితో పాటు గచ్చు కూడా పోతుంది. పాలరాయి, నాపరాయి సున్నపు జాతివి గనుక యాసిడ్ వాటిని నురగ కట్టించి తింటుంది. టైల్స్ నిలిచినా నడుమ పూరించిన సిమెంటు కరుగుతుంది. ఆ పొగకు స్టీలు కొళాయిలు తుప్పు పడతాయి. మేస్త్రితో మర్యాదగానే, పనికి ముందే చెప్పండి. చుక్క పడితే తడిగా ఉండగానే తుడవాలి, ఆరితే తడిపి నానబెట్టి చెక్క బద్దతో గీకాలి. మాలు తట్టలు కడిగిన నీటిని స్నానాలగది తూములో పోయనివ్వకండి, అడుగున పేరుకుని రాయవుతుంది. బకెట్లో తేరనిచ్చి, అడుగు మడ్డిని చెత్తలో వేయండి.

అభ్యాసం: మీ గచ్చు వేసినప్పుడు మిగిలిన రాతి ముక్కనో, టైలు ముక్కనో వెతికి తీయండి. సగం శుభ్రంగా తుడిచి, మిగతా సగం మీద చిటికెడు ఇసుక చల్లి, ఫ్లెక్సీ ముక్క కప్పి, రెండు వైపులా మడమతో పదిసార్లు మెలితిప్పండి. ఫ్లెక్సీ తీసి, టార్చి వెలుగును ఏటవాలుగా పట్టి రెండు సగాలను పోల్చి చూడండి. 5వ పాఠంలో మాలు కలుపుతాము. అంతవరకు ఇసుక బస్తాను గుమ్మం బయటే ఉంచండి.