ప్రోస్టేట్ స్క్రీనింగ్‌కు దరఖాస్తు: ఫారంలో ఏ గడి ఎందుకు?

ప్రోస్టేట్ క్యాన్సర్ స్క్రీనింగ్‌లో మొదటి మెట్టు పీఎస్ఏ రక్త పరీక్ష. పీఎస్ఏ అంటే ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ఒక ప్రొటీన్, రక్తంలో అది ఎంతుందో ఇందులో చూస్తారు. స్క్రీనింగ్ ఏ ఇబ్బందీ లేనివారి కోసం. మూత్రంలో రక్తం పడుతున్నా, ధార సన్నబడినా, నడుము నొప్పి ఎంతకీ తగ్గకపోయినా ఈ ఫారం నింపుతూ కూర్చోవద్దు. నేరుగా డాక్టరుకు చూపించుకోవాలి.

వయసు సాధారణంగా 50 నుంచి. తండ్రికో అన్నదమ్ములకో ఈ క్యాన్సర్ వచ్చినా, ఆఫ్రికన్ మూలాలున్నా 45. బీఆర్‌సీఏ2 (రొమ్ము, అండాశయ, ప్రోస్టేట్ క్యాన్సర్ల ముప్పు పెంచే, వంశపారంపర్యంగా వచ్చే) జన్యుమార్పు ఉంటే 40. 70 దాటినవారికి చాలాచోట్ల సూచించరు.

కుటుంబ చరిత్ర గడిలో 'ఉంది' అని టిక్కు పెడితే సరిపోదు. ఎవరికి, ఎన్నో ఏట బయటపడిందో రాయండి. తల్లికి, అక్కచెల్లెళ్లకు వచ్చిన రొమ్ము, అండాశయ క్యాన్సర్లూ ఇక్కడే రాయాలి. మగవాళ్ల జబ్బుకు అవెందుకని వదిలేస్తుంటారు. బీఆర్‌సీఏ2 ఆచూకీ దొరికేది అక్కడే.

ఎక్కువ తప్పులు జరిగేది మందుల గడిలో. ప్రోస్టేట్ వాపుకు ఇచ్చే ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ ఆరు నెలలు వాడితే పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది. రిపోర్టులో 2.5 కనిపిస్తే దాన్ని 5గా చదవాలి. జుట్టు రాలకుండా వేసుకునే 1 మిల్లీగ్రాము మాత్రలో ఉండేదీ ఫినాస్టెరైడే! అదీ ఒక మందేనా అని ఎవరూ రాయరు.

రక్తం ఇచ్చే తేదీ ఎంచుకునేటప్పుడు వెనక్కి లెక్క చూసుకోండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ తగ్గి, లేదా ప్రోస్టేట్ బయాప్సీ (సూదితో చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) అయి 6 వారాలు గడవాలి. వీర్యస్ఖలనం, దూరపు సైకిల్ సవారీ 48 గంటల ముందే ఆపాలి. ఇవన్నీ అంకెను ఉత్తపుణ్యానికి పెంచేవే. పరగడుపున రానక్కర్లేదు.

సమ్మతి పత్రం చదివాకే సంతకం పెట్టండి. పీఎస్ఏ పెరిగినవారిలో నలుగురిలో దాదాపు ముగ్గురికి క్యాన్సర్ ఉండదు. మామూలుగా ఉన్నా కొందరిలో ఉండొచ్చు. అందుకే ఒక్క అంకె చూసి బయాప్సీ సూది గుచ్చరు. కొన్ని వారాలకు మళ్లీ రక్తం తీస్తారు, అప్పటికీ ఎక్కువే ఉంటే ఎంఆర్ఐ, అందులో అనుమానం కలిగితే బయాప్సీ.

పాత రిపోర్టులుంటే జతచేయండి, వీలైతే అదే ల్యాబుకు వెళ్లండి. ల్యాబు మారితే కొలిచే పద్ధతీ మారొచ్చు, అప్పుడు పెరిగింది జబ్బో పద్ధతి తేడానో తేల్చడం కష్టం.