కట్టెల పొయ్యిలో ఊచలు వంగితే

మాది కావలిలో వెల్డింగు షాపు. పెళ్లి వంటలోళ్లు, మెస్సులోళ్లు, టీ బంకులోళ్లు ఇనుప కట్టెల పొయ్యిలు మా దగ్గర చేయించుకుంటారు. బాగుకొచ్చే వాటిలో ఎక్కువ భాగానికి ఒకటే జబ్బు: అడుగున ఊచల జాలీ వంగడం, పక్క రేకు ఉబ్బి మంట మీదికి రావడం. "ఇంకా లావు ఊచ వెయ్యన్నా" అంటారు. లావుతో తీరేది కొంతే. ఎందుకు వంగిందో ముందు చూడాలి.

పొయ్యి బాగా చల్లారాక బూడిదంతా ఎత్తేసి, జాలీని బయటికి తీసి చదునైన గచ్చు మీద పెట్టండి. ఊచ నడుమ కిందికి దిగి ఉంటే, వేడికి మెత్తబడి కట్టెల బరువుకు కుంగిందన్నమాట. పైకో పక్కకో మెలి తిరిగి ఉంటే దానికి సాగే చోటు లేక అట్లా అయింది. రెండడుగుల ఊచ 600 డిగ్రీలు వేడెక్కితే సుమారు 5 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. రెండు కొసలూ వెల్డింగుతో బిగించేస్తే ఆ 5 మిల్లీమీటర్లు ఎక్కడికి పోవాలి? వంగడం తప్ప దానికి దారి లేదు. పైగా ఆ వేడిలో మామూలు ఇనుము బలం సగానికి పడిపోతుంది.

రెండో కారణం బూడిద. మొన్న ఒక మెస్సు అక్క తెచ్చిన జాలీ నడుమ మొత్తం అప్పడంలా ముడుచుకుపోయింది. అడిగితే బూడిద రెండు మూడు రోజులకోసారి తీస్తామంది. కింద బూడిద ఊచల దాకా పేరుకుంటే గాలి ఆడదు. ఊచను చల్లబరిచేది ఆ కింది గాలే. అది ఆగితే పైన నిప్పులు, కింద నిప్పులు, నడుమ ఇనుము. మన తుమ్మలపెంట వైపు సరుగుడు, చిల్లకంప బొగ్గు ఎంతసేపు కణకణలాడుతుందో వంట చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. కొందరు దానికి బ్లోయర్ కూడా పెడతారు. అప్పుడు ఏ ఊచైనా తొందరగా పోతుంది.

వంపు కొంచెమే ఉండి, నిప్పులు జారిపడకుండా ఉంటే జాలీని తిరగేసి వాడుకోండి, చాన్నాళ్లు వస్తుంది. పొరలు పొరలుగా రాలి సగం మందమే మిగిలిన ఊచను సరిచేయడం దండగ, కొత్తది వేయండి. మామూలు ఇనుమైతే ఎర్రగా కాల్చి దాగలి మీద సమ్మెటతో సరిచేయొచ్చు. బీడు (పోత ఇనుము) జాలీని మాత్రం కొట్టొద్దు, పగులుతుంది. కాలుతున్న పొయ్యిలో నీళ్లు పోసి ఆర్పడం కూడా మానండి. బీడు చీలేది ఎక్కువగా అక్కడే.

తిరిగి బిగించేటప్పుడే అసలు పని ఉంది. రెండు వైపులా యాంగిల్ (L ఆకారం ఇనుము) ముక్కలు వేసి, ఊచలను వాటి మీద ఊరికే కూర్చోబెట్టండి. ఒక్కో కొసన 3 మిల్లీమీటర్ల సందు ఉంచండి. ఊచలు పక్కకు జరగకుండా యాంగిల్ మీద చిన్న ముక్కలు అడ్డం పెడితే సరిపోతుంది. ఊచ బదులు బల్లపరుపు ఇనుప పట్టీ వాడితే పడుకోబెట్టొద్దు, అంచు మీద నిలబెట్టండి. అదే ఇనుము చాలా ఎక్కువ బరువు ఆపుతుంది. ఒకటి పోయినా ఆ ఒక్కటే మార్చుకోవచ్చు.

ఉబ్బిన పక్క రేకుకు లోపల ఫైర్ ఇటుక కట్టడమే నా సలహా. ఖర్చవుతుంది, కానీ రేకుకు మంట తగలదు. ఇటుక వద్దనుకుంటే లోపల విడి రేకు వేసి, బోల్టు రంధ్రాలు పొడుగ్గా కోయించండి, రేకు జరగడానికి వీలుంటుంది. పాత సామాన్ల కొట్లో దొరికిన జింకు పూత రేకు, పైపు పొయ్యిలో పెట్టొద్దు. వేడెక్కితే వచ్చే పొగ పీలిస్తే చలిజ్వరం వస్తుంది. ఈ మాట నేను ప్రతి ఒక్కరికీ చెప్తాను, అయినా తెచ్చేవాళ్లు తెస్తూనే ఉన్నారు.

కొత్త ఇటుక కట్టిన పొయ్యిలో మొదట సన్న పుల్లలతో చిన్న మంట పెట్టి తడి ఆరనివ్వండి. మర్నాడు పొయ్యి చల్లగా ఉన్నప్పుడు ఊచను చేత్తో కదిపి చూడండి. కదిలితే పెద్ద కట్టె పెట్టుకోవచ్చు. కదలకపోతే కొసన ఇంకొంచెం గ్రైండర్‌తో తీయించండి.