దత్తత వెళ్లినవాళ్ల అసలు ఇంటిపేరు కావాలా?
గుంటూరు, బెజవాడ వైపు మీ ఇంట్లో ఎవరైనా దత్తత వచ్చిన పెద్దవాళ్లుండి, వాళ్ల కన్నవాళ్లెవరో తెలియకపోతే ముందే దత్తత కాగితం కోసం తిరగకండి, పాతరోజుల్లో చాలామంది అసలు రాయించుకోలేదు. ముందు పెళ్లి సంబంధాల గురించి అడగండి. దత్తత వెళ్లినా కన్నవైపు వరసలు పోవు, కన్నవైపు వరస కుదరనివాళ్లను పెళ్లాడకూడదన్న నిషేధాన్ని 1956 నాటి హిందూ దత్తత చట్టం కూడా అలాగే ఉంచింది, అందుకే "ఆ ఇంటిపేరు వాళ్లు మనకు అన్నదమ్ముల వరస, కుదరదు" అన్న మాట ఏ మేనత్తకో గుర్తుండే ఉంటుంది.

తర్వాత పొలం దస్తావేజులు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకటో పుస్తకంలోని స్థిరాస్తి దస్తావేజులకు ఫీజు కడితే ఎవరికైనా నకలిస్తారు (దత్తత పత్రాల్లాంటివి ఉండే నాలుగో పుస్తకం మాత్రం సంబంధం ఉన్నవాళ్లకే). "ఫలానా వారి దత్తపుత్రుడు" అన్నచోట కన్నతండ్రి పేరు కూడా రాసి ఉండొచ్చు. సాక్షుల సంతకాలు కూడా చదవండి, కన్నవైపు అన్నదమ్ములే సాక్షులుగా దొరకొచ్చు.